గుడ్లగూబ ఛాయాచిత్రము – ప్రక్షిప్తము



గుడ్లగూబ యనఁగానే మన పల్లెలలో పెక్కుమంది మొగము చిట్లింతురు. ఇంటిపై వ్రాలినచో కీడని తలఁతురు. కాని యది యెలుకలను పట్టి రైతు ధాన్యమును కాచునట్టి పక్షి. చీఁకటిలో తిరుగు నా పక్షి స్వరూపమును లోకమునకు తేటపఱచినవారు ఛాయాచిత్రకారులు. వారి చరిత్రలోని యొక ఘట్టమును నేఁడు మనవి చేసెదను.

రాత్రించరములను చిత్రించుటకు తొలుత తగిన వెలుఁగే లేదు. 1887లో జర్మనీదేశమున మెగ్నీషియము పొడిని మండించి మెఱపు పుట్టించు ఉపాయము కనిపెట్టఁబడెను. అమెరికాలో జార్జి షైరాసు అట్టి మెఱపుతో రాత్రివేళ వన్యమృగములను చిత్రించెను. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక యతని చిత్రములను 74 ప్రకటించెను. ఆ పొడికి పొగయు, చప్పుడును మెండు. 1930 ప్రాంతమున గాజుబుడ్డిలో మండు దీపములు వచ్చిన పిదప నీ కష్టము కొంత తీఱెను.

ఎరిక్ హోస్కింగు 1909లో ఇంగ్లండున జన్మించెను. పక్షులను చిత్రించుటయే వృత్తిగా గైకొనెను. 1937లో వేల్సు ప్రాంతమున నొక గోధుమవన్నె గూబ గూటియెదుట నెత్తుగా మంచె కట్టించెను. ఒకనాఁటి రాత్రి యతఁడు మంచెకడకు మరలి రాఁగా, గూబ యతని మొగముపై కొట్టెను. గూబ యీఁకల యంచులు మెత్తని కుచ్చులవలె నుండును గాన రెక్కల సవ్వడి వినరాదు. గోరు ఎడమకంట దిగఁబడెను. పెన్సిలిను నాఁటికింకను వైద్యుల చేతికి రాలేదు. ఆ కంటి దోషము రెండవ కంటికిని ప్రాఁకునను భయముచే ఎడమకన్ను తీసివేసిరి. అప్పటికతని వయస్సు 27 ఏండ్లు.

అతఁడు గూబలను విడిచిపెట్టలేదు. 1945లో న్యూబెరీ యను మిత్రునితో కూడి రాత్రి పక్షులపై గ్రంథము ప్రకటించెను. రెక్కలు విప్పి, ముక్కున చిట్టెలుకను కఱచుకొనియున్న తెల్లగూబ చిత్రమును 1948లో తీసెను. రాజచిహ్నములందలి పక్షిని పోలిన యా చిత్రము మిగులఁ బ్రసిద్ధికెక్కెను. 1991లో పరమపదించు వఱకు నతని వృత్తి పక్షులే.

ఇట్టి చిత్రము కూర్పు చాలవఱకు మీట నొక్కుటకు ముందే జరుగును. మంచె యెచ్చటఁ గట్టవలెను, దీప మేవైపున నుండవలెను, పక్షి యే కొమ్మపై వ్రాలును – వీనినెల్ల ముందుగా నిశ్చయించుకొని, ఆపై ఓర్పుతో వేచియుండవలెను. తరువాత చీఁకటిగదిలో అంచులు కత్తిరించుటయు, నీడను కొంచెము తేర్చుటయు నిరాక్షేపణీయములే.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పద్ధతిని నేను గురుముఖమున నేర్చితిని. లేఖకుని తప్పు దిద్దవచ్చును. కవి వ్రాయని పద్యమును చేర్చరాదు. చేర్చినచో నది ప్రక్షిప్తము. ఛాయాచిత్రమునకును ఇదియే ధర్మము. నేఁడు కంప్యూటరుపై గూబ వెనుక లేని చంద్రుని నిలుపుట క్షణములో పని. అది చిత్రమందలి ప్రక్షిప్తమే. ఇంకొక దోషము కలదు. చలిదేశములలో కొందఱు అంగడిలోఁ గొన్న యెలుకను మంచుపై విడిచి, తెల్లని మంచుగూబను కెమెరా ముందునకు రప్పింతురు. చిత్రమున గీఁత మార్పకున్నను అందలి వేఁట కల్పితము. పైఁగా పక్షి మనుష్యుని యొద్దకు వచ్చుటకు అలవాటుపడి, బాటలపై బండ్లకు గుఱియగును.

బ్రిటనులో 1981 నాఁటి చట్టము ననుసరించి, గూటియొద్దనున్న తెల్లగూబను అనుమతి లేక కలఁతపెట్టుట నేరము. మన దేశమునను 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గూబలకు రక్షణ నిచ్చుచున్నది.

పెద్దలారా, మీ మనుమలు గూబ చిత్రమును చూపినప్పుడు "ఎంత దూరమునుండి తీసితిరి? గూటిని కదల్చితిరా? ఇందులో లేనిదేమైనఁ జేర్చితిరా?" యని యడుగుఁడు. పాడుగుడి గోపురమునఁ గూబ పిల్లలు పెట్టినచో, రాళ్లు రువ్వు బాలురను వారింపుఁడు. ఇంతియే నా మనవి. సెలవు.