అలన్ పేజ్: మైదానం నుంచి న్యాయపీఠం దాకా

అలన్ పేజ్ (జననం: 1945 ఆగస్టు 7) అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ శ్రేణి ఆటగాడు, అనంతర కాలంలో మినెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1967 నుంచి 1981 వరకు 15 సీజన్లపాటు మినెసోటా వైకింగ్స్, షికాగో బేర్స్ జట్లకు ఆడిన ఆయన, 1971లో అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారాన్ని గెలుచుకున్న తొలి రక్షణ ఆటగాడిగా చరిత్రకెక్కారు. ఆ తరువాత 1986లో లారెన్స్ టేలర్ మినహా ఆ శ్రేణి నుంచి మరెవరికీ అది దక్కలేదు.

ఆ పురస్కారం విలువ తెలియాలంటే ఆట తీరును కొంత తెలుసుకోవాలి. ఇరుపక్షాల నుంచి 11 మంది చొప్పున ఆడే ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం పది గజాలు ముందుకు సాగాలి. ఆ దాడిని నడిపించేవాడు, బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతనికి అడ్డుపడే వరుసలో మధ్యభాగాన నిలిచేవారిని డిఫెన్సివ్ టాకిల్ అంటారు. బంతితో నడిమి నుంచి దూసుకువచ్చేవారిని నిలువరించడమే వీరి ప్రధాన కర్తవ్యమని, అందుకు బరువూ బలమూ చాలునని చాలామంది భావించే కాలంలో, సుమారు 111 కిలోల బరువుతో ఆ స్థానంలో నిలిచిన పేజ్ బంతి కదిలిన క్షణంలోనే ఎదుటి ఆటగాళ్ల సందులోంచి చొచ్చుకుపోయి, ఎత్తుగడ రూపుదిద్దుకోకముందే దాన్ని భగ్నం చేసేవారు. రక్షణ అంటే కాచుకొని ఉండడం కాదని, అదీ ఒక రకమైన దాడేనని ఆయన ఆటతీరు నిరూపించింది.

ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో పుట్టిన పేజ్, హైస్కూలు రోజులలో అక్కడ నిర్మాణంలో ఉన్న వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరం పనులలో కూలీగా పనిచేశారు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయ జట్టు 1966లో జాతీయ విజేతగా నిలిచినప్పుడు ఆయన అందులో ప్రముఖ ఆటగాడు. రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న 1967లోనే, లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసక్రమంలో ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వైకింగ్స్ ఆయనను 15వ ఎంపికగా తీసుకుంది.

బడ్ గ్రాంట్ శిక్షణలో పేజ్, కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్‌లతో కూడిన రక్షణ వరుస, జట్టు దుస్తుల ఊదారంగును బట్టి ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’గా పేరుపడింది. 1969 సీజన్‌లో 14 ఆటలలో కలిపి ప్రత్యర్థులకు ఆ జట్టు ఇచ్చినవి 133 పాయింట్లే. అయితే వైకింగ్స్ ఆడిన నాలుగు సూపర్ బౌల్ తుది పోరాటాలలోనూ ఓటమే ఎదురైంది. ఆ నాలుగింటిలోనూ పేజ్ ఆడారు.

ఆయన ప్రతిభను అంకెలలో కొలవబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతన్ని పడగొట్టడాన్ని శాక్ అంటారు. పేజ్ ఆటకు ప్రాణం అదే. లీగ్ దీన్ని అధికారిక గణాంకంగా లెక్కించడం మొదలుపెట్టింది 1982లో, అంటే ఆయన విరమించిన మరుసటి సంవత్సరంలో. అందువల్ల ఆయన శాక్‌లు అధికారిక జాబితాలలో కనిపించవు. ఒక తరం రక్షణ ఆటగాళ్లందరికీ జరిగిన అన్యాయమిది. లెక్కకు అందేవాటిలో 28 కిక్‌లను అడ్డుకోవడం, లీగ్ మేటి ఆటగాళ్ల పోటీ అయిన ప్రో బౌల్‌కు తొమ్మిదిసార్లు ఎంపిక కావడం, ఒక్క ఆటకూ దూరం కాకపోవడం ముఖ్యమైనవి.

క్రీడాజీవితం సాగుతుండగానే పేజ్ ఆటగాళ్ల సంఘంలో ప్రతినిధిగా చురుకుగా పనిచేశారు. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి తీసుకున్న జట్టు పాత జట్టుకు పరిహారం చెల్లించాలని, మొత్తంపై రాజీ కుదరకపోతే లీగ్ కమిషనరే దాన్ని నిర్ణయించాలని నాడు అమలులో ఉన్న ‘రోజెల్ నిబంధన’ ఆటగాళ్లకు సంకెలగా మారింది. దీన్ని సవాలు చేసిన మాకీ కేసులో పేజ్ ఒక వాది. ఆ నిబంధన గుత్తాధిపత్య వ్యతిరేక చట్టాలకు విరుద్ధమని ఫెడరల్ అప్పీలు కోర్టు 1976లో తేల్చింది. ఆడుతూనే మినెసోటా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన 1978లో న్యాయశాస్త్ర పట్టా సాధించారు. అదే కాలంలో దూరపు పరుగు సాధనతో బరువు బాగా తగ్గడాన్ని శిక్షకులు లోపంగా పరిగణించారు. ఆ ఏడాది అక్టోబరులో వైకింగ్స్ వదులుకోగా, షికాగో బేర్స్ నామమాత్రపు రుసుముతో ఆయనను చేర్చుకుంది. తరిగిన బరువుతోనే మరో మూడేళ్లకు పైగా అక్కడ రాణించిన పేజ్, లీగ్‌లో ఆడుతూ మారథాన్ పూర్తిచేసిన తొలి ఆటగాడిగా కూడా గుర్తింపు పొందారు.

ఆట నుంచి విరమించాక న్యాయవాదిగా, 1985 నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో పనిచేశారు. 1988లో కీర్తిమందిరంలో చోటు దక్కినప్పుడు తనను సభకు పరిచయం చేయడానికి మినియాపొలిస్‌లోని ఒక పాఠశాల ప్రిన్సిపాల్‌ను ఎంచుకొని, ప్రసంగాన్ని విద్య ఆవశ్యకతకే కేటాయించారు. ఆ ఏడాదే భార్య డయాన్‌తో కలిసి నెలకొల్పిన పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ శ్వేతజాతేతర విద్యార్థుల కాలేజీ చదువులకు సాయం చేస్తూ, అందుకు ప్రతిగా వారు చిన్న తరగతుల పిల్లలకు తోడ్పడాలన్న షరతు పెట్టింది.

మినెసోటాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ప్రజలు ఎన్నుకుంటారు. 1992లో గవర్నర్ ఒక న్యాయమూర్తి పదవీకాలాన్ని పొడిగించి, ఎన్నికను తప్పించగా, ఓటర్ల హక్కును ఇలా పక్కన పెట్టడం చెల్లదని పేజ్ కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు సభ్యులు తప్పుకోవడంతో ప్రత్యామ్నాయ న్యాయమూర్తుల ధర్మాసనం విచారించి ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అలా సాధించుకున్న ఎన్నికలో గెలిచి, 1993 జనవరిలో ఆ న్యాయస్థానంలో తొలి ఆఫ్రికన్ అమెరికన్ న్యాయమూర్తిగా బాధ్యతలు చేపట్టిన పేజ్, మూడుసార్లు తిరిగి ఎన్నికై, 70 ఏళ్లకు తప్పనిసరి విరమణ నియమం మేరకు 2015 ఆగస్టులో వైదొలగారు. 2018లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. అంతకు ముందటి ఏడాది, డకోటా ఆదివాసులను తుదముట్టించాలని లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలని 1862లో పిలుపునిచ్చిన గవర్నర్ అలెగ్జాండర్ రామ్సీ పేరుతో ఉన్న మినియాపొలిస్ మాధ్యమిక పాఠశాలకు, విద్యార్థులే పూనుకొని సాగించిన ప్రయత్నం ఫలితంగా జస్టిస్ పేజ్ పేరు పెట్టారు.