రెప్పగాయానికి కుట్టా, జిగురా?

ఒంట్లోకెల్లా పలుచని చర్మం కనురెప్పది. దాని మందం ఒక మిల్లీమీటరైనా ఉండదు. రక్తప్రసారం పుష్కలం, అంచుల మీద లాగుడు తక్కువ కాబట్టి గాయం తొందరగా మానుతుంది. కానీ దారాన్ని వారం దాటి ఉంచితే దాని వెంటే చర్మం లోపలికి పెరిగి సన్నని సొరంగాలు, తెల్లని పొక్కులు మిగలవచ్చు. అందువల్ల రెప్ప చికిత్స చరిత్రను, కొన్నాళ్లు పట్టి ఉంచి ఆనవాలు లేకుండా తప్పుకునే సాధనం కోసం సాగిన అన్వేషణగా చూడాలి. జిగురు ఆ అన్వేషణకు కొనసాగింపే గాని కుట్టుకు పోటీ కాదు.

రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీరే జబ్బుకు, రెప్ప మీద యవగింజ ఆకారంలో చర్మం కోసి వెంట్రుకతో కుట్టమంది సుశ్రుత సంహిత. అంత సున్నితమైన చోటికి సన్నని పోగే తగునన్న ఎరుక అందులో ఉంది. పట్టుదారం, 20వ శతాబ్దపు నైలాను పోగు అదే దారిలో వచ్చాయి. జిగురు మాత్రం అనుకోకుండా దొరికింది. 1942లో తుపాకీ గురిచూపు కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతున్న కోడాక్ రసాయనవేత్త హ్యారీ కూవర్, చేతికందిన దానికల్లా అతుక్కుపోయే సైనోఎక్రిలేట్‌ను పక్కన పెట్టేశాడు. 1951లో దాని విలువ గుర్తించాక, 1958లో అది బజారుకెక్కింది. తొలి రకాలు ఒంట్లో త్వరగా విడిపోయి, ఫార్మాల్డిహైడ్ వెలువరించి, కణజాలాన్ని మండించేవి. అణువు గొలుసు పొడవైన ఆక్టైల్ రకం నిదానంగా విడిపోతుంది. దానికి 1998లో అమెరికా అనుమతి దక్కింది. ఆ తర్వాత ఒక రెప్పకు కుట్టు, రెండో రెప్పకు జిగురు వాడి చూసిన పరిశీలనలో గాయం మానిన తీరు దాదాపు ఒకేలా ఉంది.

జిగురు కంట్లోకి జారితే వెంట్రుకలు అతుక్కుపోతాయి, కార్నియా గీసుకుపోతుంది కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అది వాడే తీరును బిగించమంటుందే గాని జిగురును వదిలేయమనదు: అంచులను దగ్గరగా పట్టి, కంటికి అడ్డు పెట్టి, పైపైన పలుచగా పూయాలి. రెప్ప అంచు తెగినప్పుడు సంగతి వేరు. అక్కడ లోపలి గట్టి పొర కూడా సరిగ్గా కలవాలి. చర్మం మీద పూతగా ఉండే జిగురు ఆ పని చేయలేదు, సూది పట్టాల్సిందే. పై చర్మం మాత్రమే కోసిన చోట, లాగుడు లేనప్పుడు, కుట్లు తీయించుకునే బాధ తప్పించే జిగురుకు మొదటి చోటు ఇవ్వాలి. ఏ సాధనం కొత్తదన్నది కాక, ఏ పొర తెగిందన్నదే వైద్యుడి నిర్ణయానికి ఆధారం కావాలి.