సంగటి, పొలెంటా: ఒక వాకిలి చరిత్ర

తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియన్ అని పాశ్చాత్యులు మెచ్చుకున్న మాట మనకు చాలా ప్రీతిపాత్రమైనది. సభలలో ఉపన్యాసకులు దానిని తరచు స్మరిస్తూ ఉంటారు. రెండు భాషలలోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి గనుక వినడానికి ఇంపుగా ఉంటాయని దాని తాత్పర్యం. ఈ పోలిక చెవికి సంబంధించినది. కడుపుకు సంబంధించిన పోలిక మరొకటి ఉన్నది. ఉత్తర ఇటలీ రైతుకూలీ తిన్న పొలెంటాకూ, రాయలసీమ రైతుకూలీ తిన్న సంగటికీ ఉన్న పోలిక అది. ఈ రెండు ముద్దలూ ఈనాడు ఖరీదైన భోజనశాలల పళ్ళాలలోకి ఎక్కాయి. ఎక్కినందుకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. అయితే వంటకం లోపలికి పోయినంత సులభంగా దానిని తిని బతికినవాడు లోపలికి పోలేదు. దీనికి కారణమేమిటో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పొలెంటా సంగతి చూద్దాం. మరుగుతున్న నీళ్ళలో పిండి పోసి, ఉండ కట్టకుండా కట్టెతో ముప్పావు గంటసేపు కెలికి, చెక్క పలక మీద కుమ్మరించే ముద్ద అది. గట్టిపడిన తరువాత దారంతో కోసి పంచుకునేవారు. చేసే పద్ధతిలో మన సంగటికి అది స్వయానా అక్కచెల్లెలు. మాంజోనీ అనే ఇటాలియన్ నవలాకారుడు 1827లో ప్రచురించిన ‘ఇ ప్రొమెస్సి స్పోజి’లో, 17వ శతాబ్దపు లొంబార్డీ పల్లెలోని ఒక పేద ఇంటిని వర్ణించాడు. ఇంటి యజమాని పొయ్యి దగ్గర ఒక మోకాలు ఆనించి పొలెంటా కెలుకుతూ ఉంటాడు. పిల్లలు కుండ మీదనే చూపు నిలిపి ఉంటారు. ఆ ముద్ద పరిమాణం తినేవారి సంఖ్యను బట్టిగాని, ఆకలిని బట్టిగాని కాక, ఆ ఏటి పంటను బట్టి ఉన్నదని నవలాకారుడు గమనించాడు. కరువు సీమలో పుట్టిన వారికి ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ నవలలోని ముద్ద బక్‌వీట్ అనే గింజతో చేసినది. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్న 16వ శతాబ్దంలో వెనిస్ పాలనలోని భూములలో అడుగుపెట్టి, 18వ శతాబ్దం నాటికి ఉత్తర ఇటలీ పేదలకు దాదాపు ఏకైక ఆహారమైంది. ఇది రుచి వల్ల జరిగిన మార్పు కాదు. పొలంలో పండిన గోధుమ కౌలు కిందా బజారుకూ పోయేది. మొక్కజొన్న తక్కువ నేలలో ఎక్కువ పండుతుంది కాబట్టి పాలికాపుకు అది మిగిలేది. మూడు పూటలా అదే తినేవారు. గుమ్మానికి ఎండుచేప ఒకటి వేలాడదీసి, ప్రతివాడూ తన పొలెంటా ముక్కను దానికి ఒకసారి రాచి ఆ వాసనతో తినేవారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవాళ్ళు ఎర్రగడ్డ కొరుక్కుని, పచ్చిమిరపకాయ నంజుకుని సంగటి తిన్నట్టే.

ఈ ఏకాహారం ఒక వ్యాధిని తెచ్చింది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరకు మతి చెడుతుంది. గరుకు చర్మం అనే అర్థంలో రైతులు వాడుకునే ‘పెల్లాగ్రా’ అనే పేరును 1771లో ఫ్రాపొల్లి అనే మిలాన్ వైద్యుడు గ్రంథస్థం చేశాడు. 1881 నాటి లెక్కలలో ఇటలీలో ఈ రోగులు లక్షకు పైబడి ఉన్నారు. చెడిపోయిన మొక్కజొన్నలోని విషమే దీనికి కారణమని లొంబ్రోసో వంటి పండితులు వాదించారు. గింజ చెడినదన్నారు గాని, కూలి చాలనిదని అనలేదు. 1937లో ఎల్వెజెమ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడి పరిశోధన వల్ల, లోపించినది నియాసిన్ అనే విటమిను అని తేలింది. మొక్కజొన్నలో అది ఉన్నది గాని ఒంటికి పట్టే రూపంలో లేదు. మెక్సికో ప్రజలు ఆ గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి తినేవారు. దానివల్ల ఆ విటమిను విడుదలై, వారికి ఈ జబ్బు రాలేదు. వలస పాలకులు గింజను ఓడలలో తెచ్చుకున్నారు గాని, దానిని తినడం తెలిసిన ప్రజల విద్యను తెచ్చుకోలేదు.

ఇక మన సంగతి. జొన్న, కొర్ర, ఆరిక, రాగి మన మెట్టనేలల పంటలు. ఆముక్తమాల్యదలో రాయలు వర్షాకాలం వర్ణిస్తూ, రెడ్లు చింతచిగురుతో, చేలగట్ల మీది ఆకుకూరలతో ఆరిక కూడు తినే దృశ్యాన్ని ఎంతో ఆదరంతో చిత్రించాడు. కాని ఆదరంతో చూసినవాడు ప్రభువు. ఆరిక తిన్నవాడు కాపు. పల్నాటిలో జొన్న తప్ప మరొకటి దొరకలేదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చెప్పే చాటువు లోకప్రసిద్ధం. రాజాస్థానాలలో సన్నబియ్యం అలవాటైన కవికి అది నాలుగు రోజుల ఇబ్బంది. అక్కడి జనానికి అది బతుకు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు-కడప కాలువ కింద వరి పండింది. ఆ వరి బండ్లెక్కి బజారుకు పోయింది. మెట్టపొలాలలో పనిచేసినవాడికి జొన్నా కొర్రా మిగిలాయి. ఇటలీలో గోధుమకూ మొక్కజొన్నకూ ఉన్న సంబంధమే ఇక్కడ వరికీ జొన్నకూ ఉన్నది. ఆ జొన్న కూడా అందని కాలాలున్నాయి. 1876-78 కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. 1952 కరువులో రాయలసీమ పల్లెలలో గంజి కేంద్రాలు వెలిశాయి. మా వీధిలో ఒక పెద్దమ్మను పాతకాలపు తిండి గురించి అడిగితే, “పండగొస్తేనే వరిబువ్వ నాయనా, కడమ దినాలంతా సంగటే. అది గూడా నాకు చివర్న మిగిలితేనే” అన్నది. ఇంటిలో ఆడది చివరన తిన్నదన్న విషయం ఏ వంటల పుస్తకంలోనూ కనిపించదు.

పెల్లాగ్రా కూడా మనకు కొత్త కాదు. 1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంటియా తెలంగాణలోని జొన్నతిండి పేదలలో ఈ వ్యాధిని పరిశీలించి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడం దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. ఈ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. కాని ఒక విషయంలో వివాదం లేదు. జొన్నతోపాటు పాలూ పప్పూ మాంసమూ తినగలిగినవాడికి పెల్లాగ్రా రాలేదు. జొన్న ఒక్కటే తిన్నవాడికి వచ్చింది. లొంబార్డీలోనూ ఇంతే. తప్పు ముద్దలో లేదు, ముద్ద పక్కన ఏమీ లేకపోవడంలో ఉన్నది.

ఇప్పుడు భోజనశాల చరిత్రకు వద్దాం. సొమ్ము ఇచ్చి పరాయి ఇంట తినే ఆచారం మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన 15వ శతాబ్దపు క్రీడాభిరామం ఓరుగల్లులోని పూటకూటింటిని వర్ణించింది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు వడ్డిస్తారు. ఆనాటి ఉన్నత శ్రేణి భోజనశాల ఇదే అనుకోవచ్చు. ఆ పట్టికలో ఆరికకూ జొన్నకూ చోటు లేదు. ఈ పద్యం చెబుతున్నప్పుడు మెట్టపల్లె నుంచి వచ్చే కుర్రవాడొకడు లేచి, “రూక ఉంటే చాలునా సార్, కులం అడిగేవాళ్ళా?” అన్నాడు. వ్యాఖ్యాతలు రూక విలువ ఎంతో చర్చించారు గాని ఈ ప్రశ్న వేయలేదు. కావ్యం దీనికి సమాధానం చెప్పదు, చెప్పవలసిన అవసరం ఉన్నదని కూడా అనుకోలేదు. ఆనాటి సంఘంలో అది అందరికీ తెలిసిన సమాధానం.

నాలుగు వందల యాభై ఏళ్ళ తరువాత, 1897లో వెలువడిన కన్యాశుల్కంలో మళ్ళీ పూటకూళ్ళమ్మ కనిపిస్తుంది. ఒక వితంతువుకు బతుకుతెరువు చూపిన వృత్తి అది. గిరీశం వంటివాడు ఆమె అన్నం తిని ఆమెనే మోసగిస్తాడు. గురజాడ వడ్డించే చేతిని కూడా చూశాడు. ఇది సాహిత్యంలో పెద్ద ముందడుగు. అయినా ఆ ఇంటి పంక్తిలో ఎవరు కూర్చోగలరన్నది మారలేదు. తరువాత హోటళ్ళు వచ్చాయి. కొన్నింటి బోర్డుల మీదనే కులం రాసి ఉండేది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 15వ అధికరణలో దుకాణాలతోపాటు హోటళ్ళను, భోజనశాలలను పేరు పెట్టి ప్రస్తావించి, కులాన్ని బట్టి ఎవరినీ అడ్డగించరాదని శాసించింది. 1955లో అస్పృశ్యతను నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. అటువంటి మౌలిక శాసనంలో హోటలు ప్రస్తావన అవసరమైందంటే ఆ వాకిలి ఎంత గట్టిదో గ్రహించవచ్చు. చట్టం వచ్చిన తరువాత కూడా పల్లె టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం సాగింది.

కులం పేరిట మూసిన వాకిలి చట్టరీత్యా తెరుచుకున్నది. ధర పేరిట మూసిన వాకిలికి చట్టం లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఆ మధ్య నన్నొక ఇటాలియన్ భోజనశాలకు తీసుకుపోయాడు. మసక వెలుతురు, పెద్ద పళ్ళెం, దాని నడుమ చేతి వెడల్పు పసుపుపచ్చని ముక్క, దానిపైన పుట్టగొడుగులు, తురిమిన జున్ను. అది పొలెంటా. రుచిగానే ఉన్నది, ఆ మాట దాచనక్కరలేదు. వడ్డించిన యువకుడు వినయంగా అది ఉత్తర ఇటలీ సంప్రదాయ వంటకమని వివరించాడు. సంప్రదాయం అన్న మాటలో పెల్లాగ్రా రోగులు లేరు. దక్షిణ ఇటలీవారు ఉత్తరాదివారిని ఎగతాళిగా ‘పొలెంతోనే’ అని, పొలెంటా తిండిపోతులని పిలిచిన సంగతీ లేదు. ఆ పళ్ళెం ధర మా మండలంలో కూలి చేసే ఆమె రెండు రోజుల సంపాదనకు మించి ఉన్నది. అదే నగరంలో సంగటిని నాటుకోడి పులుసుతో వడ్డించే భోజనశాలలు కూడా వెలిశాయి. అక్కడా ఇదే కథ.

ఈలోగా పల్లెలో మరొక మార్పు జరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత పండుగనాటి వరిబువ్వ పేదల దినభోజనమైంది. ఇది చిన్న విజయం కాదు. దానిని తేలికగా తీసివేసేవారు ఆకలి ఎరగనివారే. కాని మెట్టపంటలు వెనుకబడ్డాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి కొర్రబియ్యం బజారులో సన్నబియ్యం కన్నా ప్రియమైంది. ఒకనాడు గత్యంతరం లేక కొర్ర తిన్నవారి మనుమలు ఈనాడు కావాలన్నా దానిని కొనలేరు.

మా ఊరి పండు చరిత్ర దీనికి భిన్నమైనది. బనగానపల్లె 1948 వరకు చిన్న సంస్థానం. నవాబుల తోటలలో ప్రసిద్ధికెక్కిన మామిడి ఈనాడు దేశమంతటా బంగినపల్లి అన్న పేరుతోనే అమ్ముడుపోతుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. నేను చెప్పిన భోజనశాలలో చివర వడ్డించిన ‘పన్నా కొట్టా’ అనే మీగడ వంటకం మీద ఆ పండు ముక్కలే ఉన్నాయి. పట్టికలో ఊరి పేరు కూడా అచ్చువేశారు. నవాబు తోటలో పెరిగినదానికి ఊరి పేరు నిలిచింది. మెట్ట చేలో పెరిగిన జొన్నకు ఏ ఊరి పేరూ లేదు. పేరు నిలబడడానికి కూడా ఆస్తి కావలసి వచ్చింది.

మరి పేదవాని వంటకాన్ని ధనికుడు తినరాదా అని కొందరు అడగవచ్చు. తినవచ్చు. వంటలు ఎల్లలు దాటడం వల్లనే మానవుడి భోజనం సుసంపన్నమైంది. మిరపకాయ మనకు అమెరికా ఖండం నుంచి వచ్చినదే, టమాటా ఇటలీకి అక్కడి నుంచి పోయినదే. నా ఆక్షేపణ తినడం మీద కాదు, మరవడం మీద. విధిలేక తిన్న ముద్దను ఎంచుకుని తినే ముద్దగా మార్చినది డబ్బు. ఆ మార్పును ‘సంప్రదాయం’ అనే ఒక్క మాటతో కప్పిపుచ్చడం చరిత్ర కాదు. ఏమి తిన్నారన్న ప్రశ్నతోపాటు, ఎవరు పండించారు, ఎవరు వండారు, ఎవరు చివరన తిన్నారు, ఎవరు వాకిట నిలబడ్డారు అన్న ప్రశ్నలు కూడా వేయాలి. సాహిత్య విద్యార్థులకు ఈ పని మరీ ముఖ్యం. మన కావ్యాలలో విందు భోజనాల వర్ణనలు కోకొల్లలు. వాటిని పాఠంగా చెప్పేటప్పుడు విస్తరిలో ఉన్న పదార్థాలకు టీక చెప్పి ఊరుకోకుండా, ఆ విస్తరి ముందు కూర్చోలేనివారిని గురించి కూడా తరగతిలో ఒక మాట చెప్పడం అధ్యాపకుల విధి అని నేను భావిస్తున్నాను.