వేవిళ్లు: ఒకే ఇంట్లో రెండు తీర్లు

పటాన్‌చెరు దగ్గరి కర్దనూర్ దారిలో పొద్దున ఆరు కొట్టకముందే కంపెనీ బస్సులు తిరుగుతుంటాయి. కిటికీ పక్కన సగం కోసిన నిమ్మకాయను ముక్కుకు ఆనించుకుని కూర్చున్న అమ్మాయిని చూస్తే, పక్కావిడ ఇంకేమీ అడగదు. "ఎన్నో నెల బిడ్డా?" అంటుంది, అంతే. పటాన్‌చెరు గాలిలోని మందుల వాసన ఇక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్ల ముక్కుకు పట్టదు. నెల తప్పినామెకు మాత్రం పొలిమేరలోనే కడుపులో తిప్పుతుంది. అదే ఇంట్లో తోడికోడలు మూడు కాన్పుల్లోనూ ఒక్కసారి వాంతి చేసుకుని ఎరగదు.

ఈ తేడా ఎందుకని మనుషులు రెండువేల ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నాలుగో నెలలో పిండానికి సొంత హృదయం ఏర్పడుతుందని, కాబట్టి గర్భిణికి రెండు హృదయాలని సుశ్రుతుడు చెప్పాడు. ఆమె కోరిక బిడ్డ కోరికే, కాదంటే బిడ్డకే లోపం. రఘువంశ కావ్యంలో గర్భిణి అయిన సుదక్షిణ రాణి మన్ను తింటుంది. మన ఊళ్లలో బలపాలు నమిలినవాళ్లు, గోడ మట్టి గిల్లి తిన్నవాళ్లు ఎందరో. ఇప్పుడైతే అది తెలిసిన డాక్టరు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తుంది. వాంతినీ కోరికనూ ఒకే మూటలో కట్టిన మాట మన 'వేవిళ్లు'. ఇంగ్లీషువాళ్ల 'మార్నింగ్ సిక్‌నెస్' కన్నా ఇదే నయం. చాలామందికి ఆ బాధ పొద్దుటితో ఆగదు మరి.

రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్ ఇది నలభయ్యో రోజు ప్రాంతంలో మొదలవుతుందని రాశాడు. నేటి లెక్కా దానికి దగ్గరే: ఆరో వారంలో మొదలై, తొమ్మిది పది వారాల్లో ముదిరి, ఎక్కువమందికి పదహారు లోపు తగ్గుతుంది. నూటికి డెబ్బైమందికి ఎంతో కొంత ఉంటుంది. మంచినీళ్లు కూడా నిలవక సెలైన్ ఎక్కించాల్సి వచ్చేది కొద్దిమందికే. రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1855లో గర్భంతో ఉండగా ఇలాగే శుష్కించి పోయిందని చాలామంది నమ్మకం.

ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు కొందరు ఇంకో మాటన్నారు: గర్భిణికి లోలోపల బిడ్డ ఇష్టం లేదట, అందుకే కక్కుతోందట! సుశ్రుతుడు కనీసం ఆమె మాట విన్నాడు.

ఆ తర్వాత మాత్రలొచ్చాయి. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్లకూ వాడారు. చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడని పిల్లలు పలు దేశాల్లో కలిపి పదివేలకు పైగా పుట్టారు. 1961 నవంబరులో దాన్ని అక్కడ వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది మన దేశంలో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. దాని బాలానగర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాళ్ల చేతుల మీదుగానే పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీలు చాలావరకు లేచాయి. వేవిళ్లకే ఇచ్చే ఇంకో మందు, డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిపిన మాత్రను అమెరికాలో కోర్టు కేసుల భయంతో 1983లో ఆపేశారు. దానివల్ల బిడ్డకు హాని లేదని తేలాక 2013లో మళ్లీ వచ్చింది. మన దగ్గర అదే మాత్రను డాక్సినేట్ అంటే మెడికల్ షాపు కుర్రాడికి కూడా తెలుసు.

అసలు జవాబు 2023 డిసెంబరులో 'నేచర్' పత్రికలో వచ్చింది. పిండం నుంచి, మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందే అది ఒంట్లో ఎక్కువగా ఉన్న ఆడవాళ్లు దానికి అలవాటు పడి ఉంటారు, పెద్దగా వాంతులుండవు. తక్కువ ఉన్నవాళ్లకు ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ హార్మోను ఎప్పుడూ ఎక్కువగా ఉండే బీటా థలసీమియా ఉన్నవాళ్లకు వేవిళ్లు చాలా అరుదు. ఒకే తల్లికి రెండు కాన్పులు రెండు తీర్లుగా ఉండటానికీ దారి దొరికింది, పంపేది బిడ్డ గనక. సుశ్రుతుడికి అన్నీ తెలుసని గొప్పలు పోనక్కర్లేదు గానీ, రెండు ప్రాణాల లెక్క అన్నది మాత్రం తప్పు కాదు.

తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి అంగన్‌వాడీలో గర్భిణికి అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతున్నారు. తోడికోడలు కంచం ఊడ్చుకుని లేస్తుంది. నిమ్మకాయ పట్టుకున్న అమ్మాయి మాత్రం ఉడికిన గుడ్డు వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో కూర్చుంటుంది. ఆయమ్మ ఏమీ అనదు, గుడ్డు పెంకు తీయకుండా చేతిలో పెట్టి, "పొద్దుగూకినాక తిను" అంటుంది.