ఫ్లారెన్సులో అద్దె వాటా

జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా కన్ను దస్తరాల మీదికే పోతుంది. కిందటేడు అబ్బాయి, కోడలు మమ్మల్ని ఇటలీలోని ఫ్లారెన్సుకు తీసుకెళ్ళారు. హోటల్లో దిగలేదు. పాత నగరంలో నాలుగు రోజులకు రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. వంటిల్లు ఉండబట్టి మా ఆవిడ చారు కూడా పెట్టింది.

అక్కడి ప్రసిద్ధ చిత్రశాల పేరు ఉఫీజీ. ఆ మాటకు అర్థం 'ఆఫీసులు'! 1560లో ప్రభుత్వ కార్యాలయాల కోసమే దాన్ని కట్టడం మొదలుపెట్టారు. అంతకు చాలా ముందే, 1427లో, 'కతాస్తో' అనే పన్నుల లెక్క తయారైంది. ఫ్లారెన్సులోను, దాని ఏలుబడిలోని ఊళ్ళలోను సుమారు 60 వేల కుటుంబాల ఆస్తులు, అప్పులు, మనుషుల వయసులు గుమాస్తాలు పుస్తకాల కెక్కించారు. సొంతానికి కాపురముండే ఇంటికి పన్ను లేదు. అద్దెకిచ్చిన ఇంటికి ఉంది. ఆ పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

దాదాపు ఆరువందల ఏళ్ళకు మళ్ళీ అదే ప్రశ్న: ఇల్లు కాపురానికా, రాబడికా? యాత్రికులకు రోజుల లెక్కన ఇస్తే ఆదాయం ఎక్కువ. దాంతో ఊరివాళ్ళకు ఇళ్ళు దొరకడం కష్టమైంది. పాత నగరంలో అలాంటి అద్దెలు కొత్తగా మొదలుపెట్టరాదని 2023లో నగరపాలక సంస్థ తీర్మానించింది.

నాలుగు రోజుల్లో మా మెట్ల మీద కనబడిన ఊరి మనిషి ఒక్క ముసలమ్మే. మిగతా తలుపుల వెనక అందరూ మాలాంటి పెట్టెల వాళ్ళే. బదిలీ అయినప్పుడల్లా పిల్లలతో అద్దె ఇంటికోసం వీధివీధీ తిరిగిన మనకు ఆ ఊరివాళ్ళ బాధ తెలియనిది కాదు. తాళంచెవి తిరిగి ఇచ్చేటప్పుడు, మాకు ముందు ఆ వాటాలో కాపురమున్నవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారో అనిపించింది.