సవర గోడ మీద తాతగారి ఇల్లు

మా సాలూరు పేరు చెప్తే ఎవరికైనా లారీ బాడీలే గుర్తొస్తాయి. అక్కణ్ణుంచి పార్వతీపురం దాటి గుమ్మలక్ష్మీపురం వైపో, పాలకొండ మీదుగా సీతంపేట వైపో కొండలెక్కితే సవరల ఊళ్ళొస్తాయి. మనవాళ్ళు ఆన్‌లైన్లో కొని హాల్లో తగిలించుకునే సవర పెయింటింగ్ పుట్టిల్లు ఈ కొండలూ, వీటినానుకుని ఒడిశాలో ఉన్న కొండలూనే.

అసలు ఆ బొమ్మ అందం కోసం వేసేది కాదండీ. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. పూజారమ్మని పిలుస్తారు (మగవాళ్ళూ ఉంటారు గానీ చావు కర్మల్లో ఎక్కువగా ఆడవాళ్ళే). చాటలో బియ్యం, పక్కన దీపం. ఆవిడ పూనకంలోకి వెళ్ళాక పోయినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి ఆవిడ నోటితో మాట్లాడతారు. ఫలానా తాత తనకో ఇల్లు కావాలంటున్నాడని తేలితే, గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి కలిపి పుల్లతో బొమ్మ వేస్తారు. దాన్ని ఇడితాల్ అంటారు. చుట్టూ గీసే చతురస్రమే తాత ఇల్లు. లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు... 1940ల్లో ఆ ఊళ్ళు తిరిగిన వెరియర్ ఎల్విన్‌కి సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా కనిపించాయి! పోయినవాళ్ళకి మాత్రం ప్రయాణాలుండవా?

కాంగోలో లుబా సోదెగాళ్ళు సొరబుర్రలో చిన్న చిన్న వస్తువులేసి కుదిపి, అవి పడ్డ తీరుని బట్టి పెద్దల మాట చెప్తారు. సవరలు పెద్దలతో నేరుగా గొడవే పెట్టుకుంటారు. 1975 నుంచి ఒడిశా సవరల మధ్య పరిశోధన చేసిన పియర్స్ విటెబ్‌స్కీ ఆ మాటలన్నీ రాసుకున్నాడు. ఆస్తి తగాదాలు, నన్ను సరిగ్గా చూడలేదన్న నిష్ఠూరాలు, ఏడుపులు, మధ్యలో జోకులు. ఇలా ఏళ్ళ తరబడి సాగి, చివరికి చనిపోయిన మనిషి కోపం తగ్గి, వంశంలో పుట్టిన పిల్లకి తన పేరిస్తాడు. మనమైతే పెద్దకర్మ భోజనాలు పెట్టేసి సోమవారానికల్లా లాగిన్ అయిపోతాం.

తర్వాత్తర్వాత ఆయన వెళ్ళేసరికి కుర్రకారు చాలామంది క్రైస్తవంలోకో హిందూ పద్ధతుల్లోకో మారిపోయారు. 2017లో ఆయన రాసిన పుస్తకం పేరే 'లివింగ్ వితౌట్ ద డెడ్'.

భాషకి మాత్రం పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తి గారు ఎప్పుడో కష్టపడ్డారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. సొరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. 2024లో ఒడిశా లంజియా సవర బొమ్మలకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కాకపోతే అమ్మకానికి వేసే కాన్వాసు ముందు ఎవరూ బియ్యం పెట్టరు, జీలుగు కల్లు పొయ్యరు, ఏ తాతనీ పేరు పెట్టి పిలవరు.