తుపాకి కీలుపై బంగారు తీగ

అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో తుపాకులకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కేటాయించినాడు. ముడి ఇనుము తూకము, తయారైన ఇనుము తూకము, ఆ ఇనుము వచ్చిన చోటు, పనివాని పేరు, తయారైన స్థలము, కాలము, వరుస సంఖ్య - ఇవన్నీ తుపాకిమీద చెక్కేవారని అందులో ఉన్నది. 1568లో చిత్తోడు ముట్టడినాడు జయమల్లుని కూల్చిన అక్బరు తుపాకికి 'సంగ్రామ్' అని పేరు. ఆయుధానికే పేరు పెట్టి పిలిచిన ఆ దర్బారు పట్టికలో నగిషీ పనివానికి మాత్రము వేరుగా చోటు లేదు.

ఆనాటి తుపాకి 'తోడేదార్', అనగా వత్తి తుపాకి. మీట నొక్కగానే వెలుగుతున్న వత్తిని రంజకపు గిన్నెకు చేర్చే కీలు చాలవరకు కొయ్యలోనే దాగి ఉండేది. కనుక అలంకారము గొట్టానికీ, కొయ్యకు ఇరువైపుల బిగించిన ఇనుప రేకులకూ దక్కినది.

ఆ పనిని కోఫ్త్‌గరీ అంటారు. బిదరు పనితనము ఎరిగినవారు దీనిని అదే అనుకోరాదు. అక్కడ మెత్తని మిశ్రలోహములో గాడి తీసి వెండిని పొదుగుతారు; ఇక్కడ గట్టి ఉక్కుపై గాడియే ఉండదు. పనివాడు ఉక్కు ముఖాన్ని శుభ్రపరచి, కత్తిమొనతో అడ్డముగా, నిలువుగా, ఏటవాలుగా సన్నని గాట్లు పెట్టి గరుకు చేస్తాడు. సూదితో లత గీసి, దాని వెంట వెంట్రుకవంటి బంగారు తీగను పరచి సుత్తితో తట్టుతాడు. గరుకే దానిని పట్టుకొంటుంది. పిదప వేడిచేసి, మళ్ళీ తట్టి, అకీకు రాతితో మెరుగు పెడతాడు. నిప్పు తగిలితే కమాను పదును పోతుంది. కనుక ముందుగా దానిని ఊడదీయక తప్పదు.

చెకుముకి తుపాకి వచ్చిన తరువాత కీలు బయటపడినది. దాని పలక కొయ్య ప్రక్కన కంటికెదురుగా నిలిచినది. ఈ అవకాశమును టిప్పు సుల్తాను (1782-1799) పనివారు వాడుకొన్నంతగా మరెవరూ వాడుకొనలేదనవచ్చును. శ్రీరంగపట్టణపు తుపాకులలో కొన్నింటికి రాతిని పట్టుకొనే 'ఘోడా'యే పులి ఆకారము దాల్చినది. పలకపై పులిచారలు పొదిగినారు. 'విజయుడైన దైవసింహము' అనే అరబ్బీ మాటను అద్దములో బింబమువలె ఇరువైపుల వ్రాసి పులిముఖముగా కూర్చిన ముద్ర కూడా ఆయన ఆయుధములపై కనబడుతుంది. రాయి తాకి రవ్వలు రాల్చే ఉక్కు ముఖము మాత్రము నున్నగానే ఉన్నది. అక్కడ సొగసుకు తావిస్తే తుపాకి పేలదు.

1799 మే 4న కోట పడిపోయినది. ఆ తుపాకులలో పెక్కు కొల్లసొమ్ముగా ఇంగ్లండు చేరినవి. పంజాబులో 1849లో సిక్కు రాజ్యము అంతరించగానే ప్రజల ఆయుధములు లాగుకొన్నారు. 1878 నాటి ఆయుధ చట్టము ఆ కట్టడిని దేశమంతటా బిగించినది. కొనేవాడు లేని తుపాకిని అలంకరించేదెవరు? సియాల్‌కోటు, గుజరాత్ పట్టణముల కోఫ్త్‌గరులు దొరల బల్లలకు పళ్ళెములు, పెట్టెలు, కాగితపు కత్తులు చేయసాగినారు. వాటి మూతలపై తీగ క్రింద ఉన్నవి వెనుకటి గాట్లే.